గ్లూకోసెరెబ్రోసిడేజ్ నిర్మాణం, గౌచర్ వ్యాధి: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లూకోసెరెబ్రోసిడేజ్ ఒక ఎంజైమ్. జన్యు లోపంతో అది తగ్గితే వచ్చేది గౌచర్ వ్యాధి. ఈ పేజీని ముగ్గురిని దృష్టిలో పెట్టుకుని రాశాం: బయోకెమిస్ట్రీ చదివే విద్యార్థులు, ఈ ఎంజైమ్ పరీక్ష చేసే ల్యాబ్ సిబ్బంది, చేతిలో జన్యు రిపోర్టు పెట్టుకుని అర్థం కోసం వెతుకుతున్న కుటుంబాలు. అన్ని ప్రశ్నలూ అందరికీ పనికిరావు. మీకు కావలసినది చూసుకుని మిగతావి వదిలేయండి. చికిత్స మార్పులు మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

ఈ ఎంజైమ్ చేసే పని ఏమిటి?

గ్లూకోసిల్‌సెరమైడ్ అనే కొవ్వు పదార్థం నుంచి గ్లూకోజ్‌ను విడగొట్టడం. మిగిలేది సెరమైడ్. ఈ పని కణంలో చెత్తను విడగొట్టే సంచి అయిన లైసోజోమ్‌లో జరుగుతుంది. కాలం చెల్లిన రక్తకణాలను మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే కణాలు) మింగినప్పుడు వాటి పొరల నుంచి ఈ కొవ్వు పెద్ద మొత్తంలో వస్తుంది. అందుకే ఎంజైమ్ తగ్గితే మొదట దెబ్బతినేవి మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉండే ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ. ప్లీహం వాపు, రక్తహీనత, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఎముకల నొప్పి అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఫిలిప్ గౌచర్ ఈ జబ్బును 1882లో వర్ణించాడు. లోపం ఈ ఎంజైమ్‌దేనని 1965లో రాస్కో బ్రాడీ బృందం తేల్చింది.

రిపోర్టులో "గెలాక్టోసెరెబ్రోసిడేజ్" అని ఉంది. రెండూ ఒకటేనా?

కాదు. అది క్రాబే అనే మరో జన్యు వ్యాధికి సంబంధించిన వేరే ఎంజైమ్, దాని జన్యువూ వేరు. పరీక్ష రాసే చీటీలో "గ్లూకో" బదులు "గెలాక్టో" పడి, అడగని పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉన్నారు. శాంపిల్ ఇచ్చే ముందు పేరు ఒకసారి సరిచూసుకోండి. బీటా గ్లూకోసిడేజ్, ఆసిడ్ బీటా గ్లూకోసిడేజ్, జీకేస్ అని ఉంటే మాత్రం మనం మాట్లాడుకుంటున్నదే.

దీని నిర్మాణం ఎలా ఉంటుంది?

లైసోజోమ్‌లో పనిచేసే రూపంలో 497 అమైనో ఆమ్లాలుంటాయి. చక్కెర గొలుసులతో కలిపి బరువు సుమారు 60 కిలోడాల్టన్లు. మొదటి ఎక్స్‌రే నిర్మాణం 2003లో 2.0 ఆంగ్‌స్ట్రాంల స్పష్టతతో వచ్చింది. ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో దాని సంకేతం 1ఓజీఎస్.

మూడు డొమైన్లు, అంటే వేరుగా గుర్తించగల భాగాలు, ఉన్నాయి. బ్రాకెట్లలోవి గొలుసులో అమైనో ఆమ్లాల వరస అంకెలు. ఒకటో డొమైన్ చిన్నది, మూడు పోగుల బీటా షీట్ (1–27, 383–414). రెండోది ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను పోలిన మడత (30–75, 431–497). మూడోది అసలు పనిచేసే భాగం. ఎనిమిది బీటా పోగులు, ఎనిమిది ఆల్ఫా హెలిక్స్‌లు పీపాలా అమరిన టిమ్ బ్యారెల్ (76–381, 416–430). యాక్టివ్ సైట్, అంటే రసాయన చర్య జరిగే చోటు, ఈ పీపా మూతి దగ్గరే ఉంటుంది.

ఆ అంకెలను మళ్లీ చూడండి. ఏ డొమైనూ ఒకే వరసలో లేదు. గొలుసు ఒకటో డొమైన్‌లో మొదలై, రెండో దానిలో సగం కట్టి, మూడో దానిలోకి వెళ్లి, వెనక్కి వచ్చి ఒకటో దాన్ని పూర్తిచేసి, మళ్లీ మూడోది తాకి, చివరకు రెండో దానిలో ముగుస్తుంది. కాబట్టి ఒక డొమైన్‌ను విడిగా కోసి తీసి ప్రయోగం చేద్దామంటే కుదరదు. ఒక చోట మడత తప్పితే మిగతా రెండింటికీ ఇబ్బందే.

సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలను జతగా కట్టే డైసల్ఫైడ్ బంధాలు రెండు: 4–16, 18–23. రెండూ గొలుసు మొదట్లోనే. సిస్టీన్లలో 126, 248, 342 స్వేచ్ఛగా ఉంటాయి. చక్కెర అంటుకోగల చోట్లు ఐదు. అందులో 19, 59, 146, 270 వాడుకలో ఉన్నాయి, 462 ఖాళీగానే ఉంటుంది.

ఈ ఎంజైమ్‌ను ఇ. కోలై బ్యాక్టీరియాలో తయారు చేసుకోవచ్చా?

ప్రోటీన్ వస్తుంది, పనిచేసే ఎంజైమ్ రాదు. 19వ ఆస్పరజిన్ మీద చక్కెర గొలుసు లేకపోతే మడత సరిగా కుదరదు. ఇ. కోలైకి ఆ చక్కెర అతికించే ఏర్పాటు లేదు. కీటక కణాలు, సీహెచ్‌ఓ (హ్యామ్‌స్టర్ అండాశయ) లేదా హెచ్‌ఈకే (మానవ మూత్రపిండ) కణాలు వాడండి.

యాక్టివ్ సైట్‌లో జరిగేదేమిటి?

గ్లుటమేట్ అనే రెండు అమైనో ఆమ్లాల పని. 340వ గ్లుటమేట్ గ్లూకోజ్ మొదటి కార్బన్ మీద దాడి చేసి దాన్ని తనకు అతికించుకుంటుంది. అదే సమయంలో 235వ గ్లుటమేట్ ప్రోటాన్ ఇచ్చి సెరమైడ్‌ను సాగనంపుతుంది. రెండో అంకంలో 235 ఒక నీటి అణువు నుంచి ప్రోటాన్ లాక్కుంటుంది. ఆ నీరు వచ్చి గ్లూకోజ్‌ను 340 నుంచి విడదీస్తుంది. ఆ కార్బన్ దగ్గర అమరిక రెండుసార్లు తలకిందులవడం వల్ల గ్లూకోజ్ మొదట ఉన్న బీటా రూపంలోనే బయటికి వస్తుంది. ఆ రెండు గ్లుటమేట్‌ల కార్బాక్సిల్ ఆక్సిజన్ల మధ్య దూరం సుమారు 5 ఆంగ్‌స్ట్రాంలు. ఈ తరహా ఎంజైమ్‌లలో ఉండాల్సిన దూరమే అది.

కాండురిటాల్ బీ ఎపాక్సైడ్ అనే నిరోధకం 340 మీద శాశ్వతంగా అతుక్కుపోతుంది. దాని సంగతి పరీక్షల దగ్గర మళ్లీ వస్తుంది.

ఒక రిపోర్టులో ఎల్444పీ, మరో రిపోర్టులో లూసిన్483ప్రోలిన్. మ్యుటేషన్లు రెండా?

ఒకటే. ఎల్444పీ అంటే 444వ లూసిన్ (ఎల్) స్థానంలో ప్రోలిన్ (పీ) రావడం. మాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువ గందరగోళం చేసేదీ ఇదే.

కణం ఈ ప్రోటీన్‌ను 536 అమైనో ఆమ్లాలతో తయారు చేస్తుంది. మొదటి 39 దారి చూపించే సిగ్నల్ ముక్క. పని అయిపోగానే కత్తిరించేస్తుంది. పాత పద్ధతిలో ఆ 39 వదిలేసి లెక్కపెడతారు. ఇప్పటి జన్యు నామకరణ పద్ధతి మొదటి మిథియోనిన్ నుంచే లెక్కపెడుతుంది. అంటే పాత అంకెకు 39 కలిపితే కొత్తది.

ఎల్444పీ → 483, డీఎన్‌ఏలో సీ.1448టీ>సీ.
ఎన్370ఎస్ → 409, సీ.1226ఏ>జీ.
డీ409హెచ్ → 448, సీ.1342జీ>సీ.
ఆర్463సీ → 502, సీ.1504సీ>టీ.
ఈ326కే → 365, సీ.1093జీ>ఏ.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. పాత లెక్కలో 409 అంటే ఆస్పార్టేట్ (డీ409హెచ్). కొత్త లెక్కలో 409 అంటే ఆస్పరజిన్ (పాత 370). అంకె ఒకటే అయినా మ్యుటేషన్లు వేరు, జబ్బు తీరూ వేరు. అంకె ఒక్కటే చూడకండి. ముందున్న అమైనో ఆమ్లం పేరు చూడండి, డీఎన్‌ఏ స్థాయి అంకెతో సరిపోల్చండి. రిపోర్టులో డీఎన్‌ఏ అంకె లేకపోతే ల్యాబ్‌ను అడిగి రాయించుకోండి.

నిర్మాణాన్ని సొంతంగా కంప్యూటర్‌లో చూడాలంటే?

అణువుల ఆకారం చూపించే పైమాల్ గానీ కైమెరాఎక్స్ గానీ చాలు. 1ఓజీఎస్ తెరవండి. ఏ, బీ అని రెండు గొలుసులు కనిపిస్తాయి. స్ఫటికంలో అలా సర్దుకున్నాయి, అంతే. బీని దాచేయండి. నీటి అణువులనూ దాచండి. పైన ఇచ్చిన అంకెల ప్రకారం మూడు డొమైన్లకు మూడు రంగులు వేయండి. 235, 340లను కడ్డీల రూపంలో చూపించి, ఆక్సిజన్ల మధ్య దూరం కొలవండి. తర్వాత 370, 444లను గోళాలుగా పెట్టండి. రెండూ యాక్టివ్ సైట్ నుంచి ఎంత దూరంగా ఉన్నాయో కంటికే తెలుస్తుంది.

ఆపై 2ఎన్‌ఎస్‌ఎక్స్ తెరిచి దీని మీద అమర్చండి. ఐసోఫాగోమైన్ అనే చిన్న అణువు యాక్టివ్ సైట్‌లో కూర్చున్న నిర్మాణం అది. ప్రోటీన్ మొత్తం దాదాపు ఒకదానిపై ఒకటి అచ్చుగుద్దినట్టు పడుతుంది. సైట్ మూతి దగ్గరి మలుపులు, ముఖ్యంగా 311–319 మధ్యది, పక్కకు తిరిగి కనిపిస్తాయి.

అక్కడక్కడ తడబడే విషయాలు మూడు. ఈ ఫైల్ పాత లెక్కనే వాడుతుంది, 483 అని వెతికితే 444 దొరకదు. సల్ఫేట్ అయాన్లు కనిపిస్తాయి. అవి స్ఫటికం పెంచిన ద్రావణంలోవి, ఎంజైమ్ పదార్థం అనుకోకండి. 495 దగ్గర హిస్టిడిన్ ఉంటుంది, సహజ ఎంజైమ్‌లో అది ఆర్జినిన్. స్ఫటికాలు మందుగా అమ్మే ఇమిగ్లూసెరేజ్‌తో పెంచినవి, ఆ తేడా మందులో ఉన్నదే, జబ్బుకు సంబంధం లేదు.

ఆల్ఫాఫోల్డ్ మోడల్ సరిపోదా?

ఆల్ఫాఫోల్డ్ అంటే అమైనో ఆమ్లాల వరసను బట్టి ఆకారాన్ని ఊహించే కంప్యూటర్ పద్ధతి. మొత్తం ఆకారం చూడ్డానికి సరిపోతుంది. అందులో లెక్క కొత్తది, యూనిప్రాట్ అనే ప్రోటీన్ల జాబితాలోని పీ04062 ప్రకారం. కాబట్టి ఉత్ప్రేరక గ్లుటమేట్‌లు 274, 379 అవుతాయి. చక్కెర గొలుసులు ఉండవు. ఇక ఎల్444పీ వరసను ఇచ్చి మోడల్ అడిగితే మామూలు ఎంజైమ్ లాంటి చక్కని ఆకారమే వస్తుంది. దాన్ని చూసి "మ్యుటేషన్ వల్ల ఏమీ కాలేదు" అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు చాలానే తిరుగుతున్నాయి. మడత పడితే ఎలా ఉంటుందో మోడల్ చెబుతుంది. కణంలో అసలు మడత పడుతుందా, ఎన్నాళ్లు నిలుస్తుందా అన్నది చెప్పదు.

ఎన్370ఎస్, ఎల్444పీ యాక్టివ్ సైట్‌కి దూరంగా ఉంటే జబ్బెందుకు?

ఎందుకంటే ఈ జబ్బులో ఎక్కువ మ్యుటేషన్లు రసాయన చర్యను నేరుగా చెడగొట్టవు. మడతనూ రవాణానూ చెడగొడతాయి. 300కు పైగా మ్యుటేషన్లు నమోదయ్యాయి. అవి ప్రోటీన్ అంతటా చెదిరి ఉన్నాయి. సైట్‌కి దగ్గరుంటే తీవ్రం, దూరముంటే స్వల్పం అని లెక్కవేస్తే తప్పుతుంది.

444వ లూసిన్ రెండో డొమైన్ లోపల, నీరు చొరబడని నడిబొడ్డున ఉంటుంది. అక్కడ బీటా పోగులు పక్కపక్కన హైడ్రోజన్ బంధాలతో కుట్టుకుని ఉంటాయి. ప్రోలిన్ వెన్నెముకలో ఆ బంధానికి కావలసిన ఎన్‌హెచ్ లేదు, దాని వలయం గొలుసును ఇష్టం వచ్చిన కోణంలో తిరగనివ్వదు. కుట్టు ఊడిపోతుంది. ఇలా మడత చెడిన ప్రోటీన్‌ను ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (కణంలో ప్రోటీన్లు మడత పడే చోటు) గుర్తించి బయటికి నెట్టి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియసోమ్‌కు అప్పగిస్తుంది. లైసోజోమ్‌కు చేరేది చాలా కొద్ది. భారతదేశంలో గౌచర్ రోగుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మ్యుటేషనే. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యువు రెండు ప్రతులూ ఇదే అయితే నరాల సమస్యలు వచ్చే మూడో రకం అయ్యే అవకాశం ఎక్కువ. పైకి ప్లీహం వాపు మాత్రమే కనబడే పిల్లల్లో కూడా కళ్లను పక్కలకు వేగంగా తిప్పడంలో తడబాటు ఉందేమో తప్పక చూడాలి.

ఎన్370ఎస్ కథ వేరు. 370 మూడో డొమైన్‌లో ఒక హెలిక్స్ మీద ఉంటుంది. ఈ మ్యుటేషన్ ఉన్న ఎంజైమ్ స్ఫటిక నిర్మాణం 2011లో వచ్చింది. మడత మామూలుగానే ఉంది. తేడా సైట్ మూతి దగ్గరి మలుపుల కదలికలో, ఆమ్లత్వాన్ని బట్టి అవి స్థిరపడే తీరులో ఉంది. ఎంజైమ్ కొంత పనిచేస్తుంది, కొంత లైసోజోమ్‌కు చేరుతుంది. అందుకే ఒక్క ప్రతి ఎన్370ఎస్ ఉన్నా మెదడు సాధారణంగా సురక్షితం. అష్కెనాజీ యూదుల్లో ఇది చాలా ఎక్కువ, మన దగ్గర అరుదు. పాశ్చాత్య రోగుల అనుభవాన్ని మన పిల్లలకు యథాతథంగా అన్వయించకూడదని చెప్పేది ఇందుకే.

ఒకటో డొమైన్‌లోని డీ409హెచ్ రెండు ప్రతులూ ఉంటే గుండె కవాటాల్లో కాల్షియం పేరుకుంటుంది. ఆ కుటుంబాలకు ఎకో పరీక్ష తప్పనిసరి. ఈ ఒక్క మ్యుటేషన్ గుండెనే ఎందుకు పట్టుకుంటుందో నిర్మాణం చూసి చెప్పలేం.

లైసోజోమ్‌కు ఇది ఎలా చేరుతుంది?

చాలా లైసోజోమ్ ఎంజైమ్‌లకు మానోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర గుర్తే చిరునామా. దీనికి కాదు. లింప్-2 అనే పొర ప్రోటీన్ దీన్ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే పట్టుకుని లైసోజోమ్ దాకా దిగబెడుతుంది. ఈ సంగతి 2007లో తేలింది. అక్కడ సాపోసిన్ సీ అనే చిన్న ప్రోటీన్ తోడు లేనిదే ఇది కొవ్వు పొరలోని పదార్థాన్ని అందుకోలేదు.

మందుగా ఇచ్చే ఎంజైమ్ మన శరీరంలోదేనా?

దాదాపు. తేడా ముఖ్యంగా చక్కెరల్లో ఉంది. మాక్రోఫేజ్ పైన మానోజ్‌ను పట్టుకునే గ్రాహకం ఉంటుంది. కాబట్టి మందులోని చక్కెర గొలుసుల కొసన మానోజ్ బయటపడి ఉండాలి. ఇమిగ్లూసెరేజ్‌ను సీహెచ్‌ఓ కణాల్లో తయారు చేసి, మూడు ఎంజైమ్‌లతో కొసన ఉన్న సియాలిక్ ఆమ్లం, గెలాక్టోజ్, ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్‌లను వరసగా చెక్కేస్తారు. వెలాగ్లూసెరేజ్‌కు మానవ కణాలు వాడి, చక్కెరలు మానోజ్ దశ దాటకుండా కైఫునెన్సిన్‌తో ఆపుతారు. టాలిగ్లూసెరేజ్ క్యారట్ కణాల్లో తయారవుతుంది, మానోజ్ కొసలు సహజంగానే వస్తాయి. మూడింటి ప్రోటీన్ మడతా ఒకటే.

అంతకుముందు, 1991లో అనుమతి పొందిన మొదటి మందును మానవ మాయ (ప్లసెంటా) నుంచి తీసేవారు.

ఇంజక్షన్ కలిపేటప్పుడు సీసాను కుదపొద్దంటారు. ఎందుకు?

నురగ వస్తే ప్రోటీన్ గాలి, నీరు కలిసే చోట విప్పుకుని పేరుకుపోతుంది. ఒకసారి విప్పుకున్నది మళ్లీ మడత పడదు. ఇమిగ్లూసెరేజ్ 400 యూనిట్ల సీసా 2–8 డిగ్రీల్లో ఉండాలి. 10.2 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ సీసా గోడ వెంట నెమ్మదిగా వదలాలి. కలిశాక 10.6 మిల్లీలీటర్లు అవుతుంది, అందులో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. 10 మిల్లీలీటర్లు తీసుకోవాలి. మొత్తం మోతాదును 0.9 శాతం సెలైన్‌తో 100–200 మిల్లీలీటర్లకు పెంచి, 0.2 మైక్రాన్ ఫిల్టర్ ఉన్న లైన్‌తో 1–2 గంటల్లో ఎక్కిస్తారు. ద్రావణంలో పలుకులు గానీ రంగు మార్పు గానీ ఉంటే వాడకూడదు. డెక్స్‌ట్రోజ్‌లో కలపకండి.

కిలోకు 60 యూనిట్ల చొప్పున రెండు వారాలకోసారి అంటే 30 కిలోల పిల్లవాడికి 1800 యూనిట్లు, నాలుగున్నర సీసాలు. సగం సీసా పారబోయకుండా పై లెక్కకో కింది లెక్కకో సర్దడం డాక్టరు నిర్ణయం.

ఆ మందు మెదడుకు ఎందుకు పనిచేయదు?

రక్తం నుంచి మెదడులోకి ఇంత పెద్ద ప్రోటీన్ దాటదు. పైగా రక్తంలో దాని సగం కాలం నిమిషాల్లోనే ఉంటుంది.

ఎంజైమ్ పరీక్షను ఎలా చేస్తారు? ఎక్కడ తప్పుతుంది?

తెల్ల రక్తకణాలను విడదీసి, పగలగొట్టి, ఎంజైమ్ విడగొడితే వెలుగునిచ్చే 4-మిథైల్‌అంబెలిఫెరిల్ బీటా గ్లూకోసైడ్‌తో 37 డిగ్రీల దగ్గర పొదుగుతారు. బఫర్ పీహెచ్ 5.5 చుట్టుపక్కల ఉంటుంది. సోడియం టారోకోలేట్ అనే పిత్త లవణం కలుపుతారు. చివర పీహెచ్ 10 దాటిన బఫర్‌తో ఆపి, 365 నానోమీటర్ల కాంతి ఇచ్చి 450 దగ్గర వెలుగు కొలుస్తారు.

టారోకోలేట్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. జీకేస్‌ను ఉత్తేజపరుస్తుంది, జీబీఏ2 అనే లైసోజోమ్ బయటి ఎంజైమ్‌ను అణచివేస్తుంది. అది మర్చిపోతే జబ్బున్న మనిషికి కూడా అంకె పెరిగి కనిపిస్తుంది. అనుమానం ఉంటే కాండురిటాల్ బీ ఎపాక్సైడ్‌తో ఒక గొట్టం సమాంతరంగా నడపండి. అది ఆపగలిగినంత భాగమే జీకేస్‌ది. టారోకోలేట్ కొత్త సీసా తెరిచినప్పుడు పాత కంట్రోల్ శాంపిల్‌తో సరిచూడకుండా రోగి శాంపిల్ పెట్టకండి. ఆపే బఫర్ తక్కువైతే వెలుగు తగ్గుతుంది, ఎందుకంటే విడిపోయిన అణువు క్షార ద్రావణంలోనే బాగా వెలుగుతుంది.

శాంపిల్ విషయంలో ముఖ్యమైనది: రక్తాన్ని గడ్డకట్టించి పంపకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. కణాలు పగిలితే విడదీయడానికి ఏమీ మిగలదు. ఎండాకాలంలో కొరియర్ పెట్టెలో రెండు రోజులు మగ్గిన శాంపిల్‌లో అన్ని ఎంజైమ్‌లూ తగ్గుతాయి. అందుకే బీటా గెలాక్టోసిడేజ్ లాంటి మరో ఎంజైమ్‌ను కూడా కొలవాలి. రెండూ తగ్గితే తప్పు శాంపిల్‌ది, మళ్లీ రక్తం తీయాలి. ఫిల్టర్ కాగితం మీది ఎండు రక్తపు చుక్క పరీక్ష వడపోతకే.

క్యారియర్లను, అంటే ఒక్క ప్రతిలోనే మ్యుటేషన్ ఉండి గౌచర్ జబ్బు లేనివాళ్లను, ఈ పరీక్షతో తేల్చలేం. వాళ్ల అంకెలు మామూలు వాళ్ల అంకెలతో కలిసిపోతాయి.

పరీక్ష మామూలుగా వచ్చింది, లక్షణాలు మాత్రం గౌచర్‌వే. ఎలా?

సాపోసిన్ సీ లోపం అయి ఉండొచ్చు. చాలా అరుదు. ఎంజైమ్ బాగానే ఉంటుంది, తోడు ప్రోటీన్ ఉండదు. పరీక్ష గొట్టంలో టారోకోలేట్ ఆ తోడు పని తానే చేసేస్తుంది కాబట్టి అంకె మామూలుగా వస్తుంది. గౌచర్‌లో పేరుకునే కొవ్వు నుంచి వచ్చే లైసో-జీబీ1ను రక్తంలో కొలిస్తే పెరిగి కనిపిస్తుంది, ఆపై సాపోసిన్ సీ తయారుచేసే పీఎస్‌ఏపీ జన్యువు చూడాలి. గౌచర్‌లో రక్తంలో పెరిగే కైటోట్రయోసిడేజ్ అనే ఎంజైమ్ ఒక్కదాని మీదే ఆధారపడకండి, కొందరిలో ఆ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు.

జన్యు పరీక్షలో ఎల్444పీ అని వచ్చింది. పూర్తిగా నమ్మొచ్చా?

ఏ పద్ధతిలో చేశారో అడగండి. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జీబీఏ1 జన్యువు పక్కనే, సుమారు 16 వేల బేస్‌ల దూరంలో, జీబీఏపీ1 అనే పనిచేయని నకలు జన్యువుంది. ప్రోటీన్ సమాచారం ఉండే భాగాల్లో (ఎక్సాన్లలో) 96 శాతం పోలిక. ఎల్444పీ మార్పు ఆ నకలులో సహజంగానే ఉంటుంది. చిన్న ముక్కలు చదివే సీక్వెన్సింగ్‌లో నకలు ముక్క అసలు జన్యువు ఖాతాలో పడొచ్చు, అసలు మ్యుటేషన్ నకలు ఖాతాలోకి జారిపోనూవచ్చు. రెండు జన్యువులూ కలిసిపోయి ఆర్‌ఈసీ-ఎన్‌సీఐ లాంటి మిశ్రమ ప్రతులూ ఏర్పడతాయి. అందులో ఎల్444పీ ఒక్కటే కాదు, ఏ456పీ కూడా ఉంటుంది.

అసలు జన్యువును మాత్రమే పట్టే లాంగ్ రేంజ్ పీసీఆర్ చేసి, సాంగర్ పద్ధతిలో చదివి నిర్ధారించాలి. తర్వాత తల్లిదండ్రులిద్దరినీ పరీక్షించాలి. బిడ్డకు రెండు ప్రతులని వచ్చి తండ్రిలో అసలు లేకపోతే రెండో ప్రతి జన్యువు పెద్ద ముక్కగా ఎగిరిపోయి ఉండొచ్చు.

దగ్గు మందు ఆంబ్రాక్సాల్ పనిచేస్తుందని విన్నాం. మొదలుపెట్టొచ్చా?

సొంతంగా వద్దు. ఆలోచన మాత్రం నిర్మాణం నుంచి వచ్చినదే. తటస్థ పీహెచ్‌లో ఆంబ్రాక్సాల్ యాక్టివ్ సైట్‌లో కూర్చుని మడతను నిలబెడుతుంది. లైసోజోమ్ ఆమ్లంలో దాని పట్టు సడలి, ఎంజైమ్‌ను పనికి వదిలేస్తుంది. 2009లో ఈ గుణం బయటపడింది. కానీ మోతాదు చూడండి: దగ్గుకు మామూలుగా వాడేది 30 మిల్లీగ్రాముల మాత్ర. 2020లో ఫలితాలు వచ్చిన పార్కిన్సన్స్ అధ్యయనంలో (ఈ జన్యువుతో ఆ జబ్బుకున్న సంబంధం తర్వాతి ప్రశ్నలో ఉంది) రోజుకు 1.26 గ్రాములు ఇచ్చారు. షాపులో దొరికే సిరప్‌తో ఆ స్థాయికి పోదామంటే మిగతా పదార్థాలు కూడా మోతాదు మించుతాయి. మన దగ్గర చాలా సిరప్‌లలో ఆంబ్రాక్సాల్‌తో పాటు వేరే మందులు కలిపి ఉంటాయి. మడతే పడని మ్యుటేషన్లకు, జన్యువు మధ్యలో ఆగిపోయిన వాటికి ఇది పనిచేసే అవకాశం లేదు.

ఇదే ఆలోచనతో ముందుగా వచ్చిన ఐసోఫాగోమైన్ స్ఫటికంలో అందంగా కూర్చుంది, రోగుల్లో ఆశించిన మేలు చేయలేదు. అది యాక్టివ్ సైట్‌ను గట్టిగా పట్టుకునే నిరోధకం కూడా కావడం అసలు చిక్కు.

క్యారియర్లకు పార్కిన్సన్స్ వస్తుందా?

అవకాశం పెరుగుతుంది. 2009లో 16 కేంద్రాల వివరాలు కలిపి చూసినప్పుడు పార్కిన్సన్స్ రోగుల్లో జీబీఏ1 మ్యుటేషన్ ఉండే అవకాశం మిగతా వారికన్నా 5 రెట్లకు పైగా తేలింది. అయినా క్యారియర్లలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. ఈ326కే తమాషా అయినది: గౌచర్ తెప్పించదు, పార్కిన్సన్స్ ముప్పు మాత్రం పెంచుతుంది.

మాది మేనరికం. రెండో బిడ్డకు ఏం చేయాలి? ఖర్చుకు సాయం ఉందా?

తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనేది తప్పు లెక్క. మేనరికంలో ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ చేరుతుంది కాబట్టి, బిడ్డలో సాధారణంగా ఒకే మ్యుటేషన్ రెండుసార్లు కనిపిస్తుంది.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో గౌచర్ ఉంది. అరుదైన వ్యాధుల కోసం గుర్తించిన ఆసుపత్రి (ఎక్సలెన్స్ సెంటర్) ద్వారా ఒక రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందించే వీలుంది. తెలుగు రాష్ట్రాల వారికి దగ్గరగా ఉన్నది హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల జాతీయ సంస్థ), నిమ్స్ కలిసి నడిపే కేంద్రం. వెళ్లేటప్పుడు ఎంజైమ్ రిపోర్టు (రిఫరెన్స్ ఎంజైమ్ అంకెతో), డీఎన్‌ఏ స్థాయి మ్యుటేషన్ పేరున్న జన్యు రిపోర్టు, ప్లీహం కొలతలున్న స్కాన్, ప్లేట్‌లెట్ల లెక్క తీసుకెళ్లండి.

గర్భంలో పరీక్ష కావాలంటే కుటుంబంలో రెండు మ్యుటేషన్లూ ముందే నిర్ధారణ అయి ఉండాలి. మాయ ముక్క తీసే పరీక్ష సాధారణంగా 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. నకలు జన్యువు చిక్కు తేల్చడానికే వారాలు పడుతుంది కాబట్టి గర్భం వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.